రిస్కు ఎవరిది?

సహజ వనరులు దండిగా ఉన్న దేశాలు ఎందుకు వెనకబడతాయి? రిచర్డ్ ఆటీ 1993లో దీన్ని 'వనరుల శాపం' అన్నాడు. ముడిసరుకుల ఎగుమతి మీద ఎక్కువగా ఆధారపడ్డ దేశాలు 1970, 80 దశకాల్లో నెమ్మదిగా పెరిగాయని 1995లో సాక్స్, వార్నర్ లెక్క కట్టారు. తప్పు వనరులది కాదు, సంస్థలదని 2006లో మెహ్లుమ్, మోయెన్, టోర్విక్ దిద్దారు. ఈ దిద్దుబాటు అవసరమే. కానీ సంస్థల బాగోగుల్ని వాళ్లు దేనితో కొలిచారు? చట్టం అమలు, అధికార యంత్రాంగం, అవినీతి; వాటితోపాటు పెట్టుబడిదారు ఆస్తిని ప్రభుత్వం లాక్కునే రిస్కు, కాంట్రాక్టు తప్పే రిస్కు. కూలి రిస్కు ఆ కొలతలో లేదు. మా విమర్శ ఇక్కడే.

బనగానపల్లె అంటే లోకానికి మామిడిపండు. మాకు బండ. వజ్రాలు దొరికే ఇక్కడి రాతిపొరలకు 1872లో విలియం కింగ్ ఈ ఊరి పేరే పెట్టాడు. రాయికి పేరొచ్చింది, కొట్టినోళ్ల పేరు ఏ పుస్తకంలోనూ లేదు. యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మేం. మా పెద్దోళ్లు నాపరాళ్ల గనుల్లో పనిచేసినోళ్లే. వాన రాకపోతే సేనుపని లేదు, గనికి పోవాల. వాన గట్టిగా వస్తే గుంత నిండి గనిపనీ లేదు. బండ పడి కాలు విరిగితే అప్పు మాది, లీజు ఇంకొకరిది. భూమీ పెట్టుబడీ ఉన్నోళ్లకు లీజు, అవి లేని మాల మాదిగలకు, వడ్డెర్లకు సమ్మెట. లాభం పైనే ఆగి, రిస్కు కిందికి దిగే ఈ దారి పేరు కులం. అది సంస్థ కాదా?

శాపం తప్పించుకున్న దేశంగా బోట్స్వానాను చూపిస్తారు. వజ్రాల డబ్బుతో అక్కడ బళ్లు, రోడ్లు వచ్చిన మాట నిజం. అదే ప్రభుత్వం 1997లో, 2002లో సాన్ ప్రజల్ని సెంట్రల్ కలహారి నుంచి తరలించింది. వాళ్ల నేలను అన్యాయంగా లాక్కున్నారని 2006లో అక్కడి హైకోర్టే చెప్పింది. దేశం సగటు పెరిగింది. ఆ సగటులో సాన్ ప్రజలు ఎక్కడ?

మన దగ్గర 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు పెట్టారు, గనుల వల్ల దెబ్బతిన్నోళ్ల కోసమని. మంచిదే. దెబ్బతిన్నది ఎవరో ఎట్లా తేలుస్తారు? లీజులు ఎవరివి, ప్రమాదాలు ఎవరికి అన్నది కులాలవారీగా లెక్క తీసి బయటపెట్టాల. ఆ లెక్క లేకుండా రాసిన 'ఆర్థిక ప్రగతి'ని మేం సగం లెక్కగానే చదువుతాం.