గుమ్మంలో నిలబడ్డ పాప

తెలుగు సినిమాకు మాటలొచ్చాక చెప్పిన మొదటి కథే కన్నకొడుకును చూసి వణికిన తండ్రి కథ. 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’ అది. ప్రహ్లాదుణ్ణి మనం ఎప్పుడూ భక్తుడి పక్కనే నిలబడి చూశాం. ఒక్కసారి హిరణ్యకశిపుడి పక్కకు వెళ్ళి చూడండి. విషం తాగించినా పిల్లాడికి ఏమీ కాదు. ఏనుగుల కింద పడేసినా లేచి వస్తాడు. కొండ మీంచి తోయించినా మళ్ళీ అదే గుమ్మంలో కనబడతాడు. ఏడవడు, అరవడు, అలగడు. అడిగిన ప్రతిసారీ ఒకటే జవాబు, అదే చల్లని గొంతుతో. 1967లో వచ్చిన ఏవీఎం వారి సినిమాలో ఎస్వీ రంగారావు చిన్నారి రోజారమణి వైపు చూసే చూపులో నాకు కోపం కంటే ముందు భయమే కనబడుతుంది.

పిల్లలతో భయపెట్టే విద్య మొత్తం ఆ చూపులోనే ఉందని నా నమ్మకం. భయం పిల్లలో పుట్టదు, ఆ పిల్లను చూస్తున్న పెద్దవాళ్ళ ముఖంలో పుడుతుంది.

హాలీవుడ్ వాళ్ళు పిల్లనే విలన్ని చేశారు. ‘ది బ్యాడ్ సీడ్’ (1956)లో ఎనిమిదేళ్ళ రోడా జడలేసుకుని, ముద్దుముద్దుగా మాట్లాడుతూ హత్యలు చేస్తుంది. ‘ది ఒమెన్’ (1976)లో డేమియన్ సాక్షాత్తూ సైతాను కొడుకు. మనవాళ్ళు అంత దూరం వెళ్ళలేదు. యండమూరి ‘తులసిదళం’లో చేతబడి చేసింది పెద్దలు, అనుభవించింది చిన్నపిల్ల తులసి. రాంగోపాల్ వర్మ హిందీలో ‘ఫూంక్’ తీసిన 2008లోనే తెలుగులో జగపతిబాబుతో ‘రక్ష’ వచ్చింది. అక్కడా పిల్ల ఒంట్లోంచి మాట్లాడేది వేరేవాళ్ళ పగే. పిల్లకు శక్తి ఇవ్వాల్సి వస్తే మనం ఏకంగా దేవతనే చేశాం. ‘అమ్మోరు’ (1995)లో చిన్నపిల్ల రూపంలో ఇంట్లో అడుగుపెట్టిన అమ్మవారిగా సునయన చూసే చూపు తలుచుకోండి. ఆ కళ్ళకు కాస్త నల్లరంగు పూస్తే దెయ్యం, నుదుట కుంకుమ పెడితే దేవత. దసరా నవరాత్రుల్లో బాలాత్రిపురసుందరికి మొక్కే ఇళ్ళలో పెరిగినవాళ్ళం, పసిపిల్లలో పుట్టుచెడు ఉందంటే మన మనసు ఒప్పుకోదు. కొందరు దీన్ని మన రచయితల పిరికితనం అంటారు. నేను అనను. పిల్లది తప్పు కాదని తెలిశాకే అసలు భయం మొదలవుతుంది, ఎందుకంటే కొట్టడానికి చెయ్యి రాదు, వదిలేసి పారిపోవడానికి కాళ్ళు రావు.

మన ఊళ్ళోనే జరిగే కథ కావాలంటే 2022 నవంబర్‌లో వచ్చిన ‘మసూద’ చూడండి. సాయికిరణ్ తీసిన సినిమా. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్, భర్తకు దూరంగా ఉంటున్న టీచర్ నీలం, ఆమె కూతురు నాజియా, పక్క ఫ్లాట్‌లో గోపీ అనే భయస్తుడైన కుర్రాడు. నాజియాను ముందు మామూలు ఆడపిల్లగా మనకు పరిచయం చేసి, తల్లీకూతుళ్ళ మధ్య చనువు చూపించి, ఆ తర్వాతే పిల్లను మార్చాడు దర్శకుడు. నీలంగా నటించిన సంగీత ముఖంలో ‘దగ్గరికి తీసుకోనా, తలుపు గడియ పెట్టనా’ అన్న సందేహం కదలాడినప్పుడు నాకు గుండె జారింది. ఆ ఒక్క సందేహానికి ఎంత మేకప్పయినా సాటిరాదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా దిల్‌సుఖ్‌నగర్ కుర్రాళ్ళు. కోచింగ్ కోసం నల్లగొండ నుంచో ఖమ్మం నుంచో వచ్చి, చైతన్యపురి హాస్టళ్ళలో ఉంటూ, ఆదివారాలు షార్ట్ ఫిల్మ్‌లు తీస్తుంటారు. పదిమందిలో ఏడుగురు రాసుకొచ్చేది దెయ్యం కథే. స్క్రిప్టు చూడమని నా దగ్గరికి వస్తారు. వీళ్ళకు ఈ భయం బాగా తెలుసు, తెలుసన్న సంగతే తెలియదు. హాస్టల్‌కు వెళ్ళి మూడు నెలల తర్వాత ఇంటికొచ్చిన కొడుకు కంచం ముందు తలొంచుకుని కూర్చుంటాడు, అడిగినదానికి ‘ఊఁ’ అంటాడు, రాత్రి రెండింటికి గోడ వైపు తిరిగి మేలుకునే ఉంటాడు. తల్లి గుమ్మంలో నిలబడి, ‘నా బిడ్డ గిట్ల లేకుండె’ అంటుంది. ఈ పేటలో గదులు అద్దెకు తీసుకుని పిల్లలతో పాటే ఉండే తల్లులు ఆ మాట అనగా నేను విన్నాను. అంతకు మించిన హారర్ సీను నేను రాయలేను.

మొన్న ఎల్బీనగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ డాబా మీద షూటింగ్‌కు పిలిచారు. ఐదో తరగతి పాప. ముఖానికి తెల్లటి పూత, కళ్ళ కింద మసి, జుట్టు ముందుకు వేసేశారు. కడిగించేశాను. స్కూలు యూనిఫాంలోనే, జడలు విప్పకుండా, డాబా గది గుమ్మంలో నిలబెట్టాం. తల్లి పాత్రధారి పళ్ళెంలో అన్నం కలుపుతూ, ‘దా బిడ్డా, తిందువు’ అంటుంది. దర్శకుడు పాప పక్కన గొంతుక్కూర్చుని, ‘కండ్లు ఆర్పకు చిన్నీ, అమ్మను చూడకు, అమ్మ చెవి పక్కన ఉన్న గోడను చూడు’ అన్నాడు. ‘సరే అన్నా’ అంది పాప. అంతే. చూపు బెత్తెడు పక్కకు జరిగింది. కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది, పాత్రధారి నిజంగానే వెనక్కి తిరిగి చూసింది. స్క్రిప్టులో లేని పని అది.

గొంతు సంగతీ అంతే. ‘ది ఎగ్జార్సిస్ట్’ (1973)లో లిండా బ్లెయిర్ ఒంట్లోని దెయ్యానికి మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్ గొంతు ఇచ్చింది, అది అద్భుతం. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ప్రతి పిల్ల దెయ్యానికీ బొంగురు గొంతు డబ్బింగ్ చెప్పించడం మాత్రం అలవాటుగా మిగిలిపోయింది. పాప సొంత గొంతే ఉంచి, జవాబు ఒక్క క్షణం ఆలస్యంగా చెప్పిస్తే చాలు.

ఇక ఆ పాప క్షేమం మాట. ‘ది షైనింగ్’ (1980) తీసేటప్పుడు తాను నటిస్తున్నది భయపెట్టే సినిమాలో అని చిన్నారి డానీ లాయిడ్‌కు తెలియకుండా కుబ్రిక్ జాగ్రత్తపడ్డాడు. మన దగ్గర 2017లో సవరించిన బాలకార్మిక నిబంధనలు ఉన్నాయి: జిల్లా మెజిస్ట్రేట్ అనుమతి ఉండాలి, రోజుకు 5 గంటలు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు, పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ళ పేరునే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. పెద్ద సినిమాలకు మేనేజర్లు ఉంటారు, డాబా మీది సినిమాలకు ఎవరుంటారు? అందుకే నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళకు గట్టిగా చెబుతున్నాను: తల్లో తండ్రో పక్కన లేకుండా షాట్ పెట్టొద్దు, చీకటి పడ్డాక పిల్లతో పని వద్దు, నిజంగా బెదిరించి ఏడిపించిన షాట్ ఎంత బాగా వచ్చినా వాడొద్దు. టేక్ అవగానే మానిటర్‌లో పాపకు చూపించాలి, అది ఆటని ఆమెకు తెలియాలి. ఆ రోజు పాప చూసుకుని, ‘అన్నా, నా చూపు ఇంకా పక్కకు పోవాలె’ అని తనే ఇంకో టేక్ అడిగింది.

ఒక్క తగువు మాత్రం ఇంకా తేలలేదు. పాప చూపు పక్కకు జరిగే చోట దర్శకుడికి గట్టిగా రీరికార్డింగ్ కావాలి. కింద ఎల్బీనగర్ స్టేషన్‌లోకి వస్తున్న మెట్రో చప్పుడు ఆ షాట్‌లో సన్నగా పడింది, అదొక్కటే ఉంచమని నేను. ఈ ఆదివారం ఎడిటింగ్‌లో మళ్ళీ కూర్చుంటున్నాం.