చీపురెక్కి ఎగిరేవాళ్లు, చీపురు పట్టి ఊడ్చేవాళ్లు

కౌమారంలో ఉన్న పిల్లల కోసం వచ్చే ఫాంటసీ నవలల గురించి మన దగ్గర రెండు రకాల మాటలు నడుస్తున్నాయి. పనికిమాలిన కాలక్షేపం అని కొందరు తోసేస్తారు. పిల్లల ఊహను పెంచే పుస్తకాలని మరికొందరు నెత్తిన పెట్టుకుంటారు. మాకు రెండూ సరిపోవు. ఊహాలోకం కట్టే రచయితను ఆపేవాళ్లెవరూ లేరు. ఆకలి లేని ఊరు కట్టొచ్చు, రాజు లేని దేశం కట్టొచ్చు. అయినా అక్కడ కూడా పుట్టుకను బట్టే గొప్ప, పుట్టుకను బట్టే చాకిరీ ఎందుకుంటున్నాయి? ఈ ప్రశ్నతోనే వీటి బలాన్నీ బలహీనతనీ తూచాలంటున్నాం.

అందరికీ తెలిసిన హ్యారీ పోటర్ నవలల్నే తీసుకుందాం. జె.కె. రౌలింగ్ 1997 నుంచి 2007 దాకా ఏడు నవలలు రాసింది. వాటి బలం చిన్నదేం కాదు. మంత్రం తెలియని తల్లిదండ్రులకు పుట్టిన హెర్మయొనీ క్లాసులో అందరికంటే బాగా చదువుతుంది. ఆమెను 'మడ్‌బ్లడ్' అని తిడతారు. అంటే బురద నెత్తురు. చివరి నవలలో ప్రభుత్వమే ఇలాంటివాళ్ల జాబితా రాసి, మీరు మంత్రశక్తిని దొంగిలించారని విచారణ పెడుతుంది. రిజర్వేషన్‌లో సీటొచ్చినందుకు 'మా సీటు కొట్టేశారు' అనిపించుకున్న పిల్లలకు ఈ ఘట్టాన్ని ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. నెత్తురు లెక్క తీసేవాళ్లు చివరికి హత్యల దాకా పోతారని ఇంత సూటిగా పిల్లలకు చెప్పిన నవలలు తక్కువ.

అయితే ఆ బడిలో వంటెవరు చేస్తున్నారు? మొదటి మూడు నవలల్లో విందు దానంతటదే పళ్లాల్లోకి వస్తుంది. నాలుగో నవలలో, 2000లో, అసలు సంగతి బయటపడుతుంది. కింద వంటింట్లో వంద మందికి పైగా ఎల్ఫులు వండుతున్నారు. రాత్రిపూట గదులు ఊడ్చేదీ వాళ్లే. జీతం లేదు, సెలవు లేదు. యజమాని బట్టలిస్తేనే విముక్తి. దీన్ని మనం వెట్టి అంటాం. పైన పిల్లలు చీపురెక్కి ఎగురుతుంటే కింద చీపురు పట్టింది వీళ్లు.

వెట్టిని చూపించడం రచయిత్రి తప్పు కాదు. డాబీ అనే ఎల్ఫ్ స్వేచ్ఛ పొంది, జీతం అడిగి, చివరికి స్నేహితుల్ని కాపాడుతూ చనిపోతాడు. క్రీచర్ అనే మరో ఎల్ఫ్ తానే బానిస అయ్యుండీ యజమాని తిట్టునే హెర్మయొనీ మీదికి విసురుతాడు. కింద ఉన్నవాడికి కూడా తన కింద ఇంకొకడున్నాడన్న తృప్తినిచ్చే అంచెలంచెల అసమానతను అంబేద్కర్ మనకు వివరించారు. క్రీచర్ పాత్రలో దాని పోలిక ఉంది.

తప్పు ఎక్కడుందంటే, మిగతా ఎల్ఫులందరికీ బానిసత్వమే ఇష్టమని కథ నమ్మబలకడంలో ఉంది. పని పోయిన వింకీ సిగ్గుతో తాగుడులో పడుతుంది. 'మా పాలేరు మా ఇంట్లో మనిషే, వాడికేం తక్కువ' అనే దొర మాటకూ దీనికీ ఎంత దూరం? హెర్మయొనీ ఎల్ఫుల సంక్షేమానికి సంఘం పెడుతుంది. హ్యారీ కార్యదర్శి, రాన్ కోశాధికారి. ఎల్ఫులెవరికీ పదవి లేదు. వాళ్లనడక్కుండానే టోపీలల్లి గదిలో దాచిపెడుతుంది. హరిజన సేవక సంఘం సవర్ణుల చేతుల్లో నడవడాన్ని అంబేద్కర్ 1945లో ఎందుకు తప్పుబట్టారో ఇక్కడ తెలుస్తుంది. కానీ రౌలింగ్ ఈ ప్రయత్నాన్ని నవ్వులాటగా వదిలేసింది. ఎల్ఫులు తామే కూడి సంఘం పెట్టుకునే దారి ఆమెకు తోచలేదు.

క్రీచర్ హ్యారీకి ఆస్తిగా సంక్రమిస్తాడు. ఆఖరి యుద్ధంలో ఎల్ఫులు వంటింటి కత్తులు పట్టుకుని పోరాడతారు. యుద్ధం గెలిచాక హ్యారీకి తట్టిన ఆలోచన, క్రీచర్ తనకు సాండ్‌విచ్ తెస్తాడా అని. దుర్మార్గుడు చచ్చాడు, వంటిల్లు మాత్రం అట్లాగే ఉంది.

ఎల్ఫుల్ని అచ్చంగా దళితులనుకోవడం కూడా పొరపాటే. అక్కడ వండిన చేతులు కనపడకుండా ఉంటే చాలు, తింటారు. మన బళ్లలో దళిత స్త్రీ వండిందని తెలిసి మధ్యాహ్న భోజనం మాన్పించిన సంఘటనలున్నాయి. అంటరానితనం వెట్టి కంటే ఇంకో మెట్టు కిందికి పోతుంది. దానికి సరిపోయే కథ అక్కడ దొరకదు.

వేరే దారి లేదా అంటే ఉంది. అమెరికా రచయిత్రి అర్సులా లెగ్విన్ 1968లోనే ఎర్త్‌సీ నవలలో మేకలు కాసిన, కంచుపని చేసేవాడి కొడుకును నాయకుణ్ణి చేసింది. అతని రంగు చామనఛాయ. 2004లో టీవీవాళ్లు ఆ పాత్రకు తెల్ల నటుణ్ణి పెడితే ఆమె బహిరంగంగా నిరసించింది. తన మాంత్రికుల బడిలో ఆడవాళ్లకు చోటు లేకపోవడాన్ని 1990 నాటి తెహానూలో తానే ప్రశ్నకు పెట్టింది. అయినా అందులో కూడా కాలిన ముఖంతో బతుకుతున్న పాపకు చివరికి డ్రాగన్ల వంశం అంటగట్టక తప్పలేదు. మన సినిమాలో పాతాళభైరవి తోటరాముడు మాత్రం 1951లో తోటమాలి కొడుకుగానే గెలిచాడు. రాజరక్తం బయటపడాల్సిన అవసరం రాలేదు.

కాబట్టి టీచర్లు ఈ పుస్తకాల్ని హాస్టల్ పిల్లలకు దూరం చేయొద్దు. ఇవ్వండి, ఇచ్చి మూడు ప్రశ్నలు అడగనివ్వండి. వండిందెవరు? ఊడ్చిందెవరు? గెలిచాక వాళ్లకు దక్కిందేమిటి? ఈ ప్రశ్నలతో చదివిన పిల్లలే రేపు వంటింట్లోంచి మొదలయ్యే ఫాంటసీ రాస్తారు. ఆ రాతల కోసం మన పత్రికల్లో చోటు ఉంచడం మన బాధ్యత.