పరుగెత్తు ఆకుపచ్చ మనిషి: గుణదోషములు

పుస్తకమును, నాటకమును విమర్శించినట్లే తలుపుపైనున్న చిన్న బొమ్మను గూడ విమర్శింపవచ్చును. దాని గుణదోషములపై ఒక్కొక్కప్పుడు మనుష్యుల ప్రాణములే ఆధారపడియుండును.

సినిమాహాళ్లలో, కార్యాలయములలో, ఆసుపత్రులలో వెలుపలికి పోవు దారిపై ఆకుపచ్చని పలక యొకటి వెలుగుచుండును. తెరచిన గుమ్మము, పరుగెత్తుచున్న మనిషి – ఇంతే అందలి చిత్రము. దీని పుట్టినిల్లు జపాను. 1972లో ఒసాకా నగరమున ఒక పెద్ద అంగళ్ల భవనము కాలి 118 మంది మరణించిరి. మరుసటి యేడు కుమమోతోలో అట్టి ప్రమాదమే నూరుమందికి పైగా జనులను బలిగొన్నది. అటుపిమ్మట, చూడగానే తెలియు గుర్తు కావలెనని ప్రజలనుండి చిత్రములను ఆహ్వానించిరి. ఎన్నికైన చిత్రమును యుకియో ఓటా అను రూపకర్త తన బృందముతో తీర్చిదిద్దెను. 1980వ దశకమున అది అంతర్జాతీయ ప్రమాణమైనది.

దీని మొదటి గుణము భాషతో పనిలేకపోవుట. మన కట్టడములలో కొన్నింట ఇప్పటికిని ‘ఎగ్జిట్’ అను ఆంగ్లపదము ఎర్రగా వెలుగుచుండుట కద్దు. ఆసుపత్రికి రోగితో తోడువచ్చిన పల్లెటూరి అవ్వకు ఆ అక్షరములు ఏమి చెప్పగలవు? పైగా ఎరుపు ‘ఆగుము, పోరాదు’ అనుటకు మనము అలవాటు చేసికొన్న రంగు.

రెండవ గుణము ఆకుపచ్చ రంగే. కంటిలో పట్టపగటి చూపునకు శంకుకణములు, మసకచీకటి చూపునకు దండకణములు తోడ్పడును. మొదటివి సుమారు 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల కాంతికి, రెండవవి సుమారు 507 నానోమీటర్ల కాంతికి మిక్కిలి స్పందించును. ఈ రెండును ఆకుపచ్చ ప్రాంతమునకు చెందినవే. ఎరుపును దండకణములు దాదాపుగా గ్రహింపవు. కనుక మసకవెలుగులో ఆకుపచ్చదే పైచేయి.

ఇక దోషము. అది బొమ్మలో కంటె దానిని తగిలించు చోటులో నున్నది. వేడి పొగ చుట్టునున్న గాలికంటె తేలిక గనుక పైకి లేచి, కప్పుక్రింద పొరగా పేరుకొని, క్రమముగా క్రిందికి దిగును. తలుపుపై నున్న గుర్తే ముందుగా మాయమగును! పొగలో వంగి, పాకుచు పొమ్మని మనమే బోధింతుము. పాకువాని కంటి యెదుట గుర్తు లేదు. విమానములలో 1980వ దశకమునుండియే నడవ నేలనంటి దారిచూపు వెలుగులు అమర్చుచున్నారు. భవనములలోను గోడల అడుగున, మెట్ల అంచులయందు చీకటిలో వెలుగు పూతలు వేయవచ్చును. యూరోపియము చేర్చిన స్ట్రాన్షియము అల్యూమినేటు వెలుతురును పీల్చుకొని, చీకటిలో గంటలతరబడి వెలుగును. కాని ఎన్నడును దీపము వెలిగింపని మెట్లదారిలో అదియు వెలుగజాలదు.

గుర్తు చూపిన తలుపునకు తాళము వేసియుండుట, మెట్లపై పాత బల్లలు పేర్చుట అన్నింటికన్న పెద్ద దోషము. అప్పుడా బొమ్మ అబద్ధమాడుచున్నదన్నమాట.

ఉపాధ్యాయులు విద్యార్థులచే ఒక చిన్న పరీక్ష చేయింపవచ్చును. పాఠశాల వరండాలోనో, మేడ యిండ్ల మెట్లదారిలోనో మోకాళ్లపై కూర్చుండి చూడుడు. గుర్తు కనబడుచున్నదా? అది చూపిన దారిని నడువుడు. చివరి తలుపు తోయగానే తెరచుకొన్నదా? ఈ రెంటికిని ‘ఔను’ అను జవాబు వచ్చువరకు, చిత్రమెంత చక్కనిదైనను పని సగమే యైనట్లు.