బంతి రాకముందే మొదలయ్యే ఆట

చాంపియన్స్ లీగ్ నాకౌట్ మ్యాచ్‌లు దగ్గరపడ్డాయంటే అభిమానుల వాదనలన్నీ తిరిగి తిరిగి గోల్‌కీపర్ దగ్గరికే చేరతాయి. స్ట్రైకర్ ఫామ్‌లో లేకపోతే ఇంకొకడు గోల్ కొట్టవచ్చు. మిడ్‌ఫీల్డర్ గాయపడితే కోచ్ జట్టు అమరిక మార్చుకోవచ్చు. కీపర్ మోకాలు దెబ్బతింటే ఎలా? రెండో కీపర్ తట్టుకుంటాడా? మాడ్రిడ్‌లోనైనా, మ్యూనిక్‌లోనైనా, అర్ధరాత్రి దాటాక అలారం పెట్టుకుని లేచే హైదరాబాద్ కుర్రాళ్ల గదిలోనైనా ఇదే ప్రశ్న.

వాదించుకోవడం మంచిదే. కానీ మనం కీపర్‌ను ఎక్కువగా అతని డైవ్‌లతో కొలుస్తాం. గాల్లోకి ఎగిరి వేలికొసతో బంతిని తప్పిస్తే గొప్పవాడంటాం, చేతుల్లోంచి జారితే పనికిరాడంటాం. నిజానికి కీపర్ పనిలో ఎక్కువ భాగం ప్రత్యర్థి బంతిని తన్నకముందే జరిగిపోతుంది. అది చూడటం అలవాటు చేసుకుంటేనే ఈ విద్య విలువ తెలుస్తుంది.

నిలబడ్డ చోటే సగం బలం

గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. అంటే దాదాపు 18 చదరపు మీటర్ల ఖాళీ. ఎంత పొడగరి అయినా దాన్ని ఒంటితో కప్పలేడు. అందుకే కీపర్ గీత వదిలి ముందుకొస్తాడు. దీపం దగ్గరికి చెయ్యి జరిపేకొద్దీ గోడ మీద నీడ పెరిగినట్టు, బంతి దగ్గరికి వచ్చేకొద్దీ అతను కప్పే మేర పెరుగుతుంది. మరీ ముందుకొస్తే తల మీదుగా బంతి లేపే ప్రమాదం ఉంది. ఎన్ని అడుగులు, ఎప్పుడు వెయ్యాలన్నదే లెక్క.

ఆ లెక్కలో కీలకం ఆగడం. స్ట్రైకర్ కాలు ఊపే క్షణానికి కీపర్ కదలిక ఆపి, బరువు మునివేళ్ల మీద నిలిపి, చేతులు ముందుకు పెట్టి సిద్ధంగా ఉండాలి. శిక్షకులు దీన్నే ‘సెట్’ కావడం అంటారు. ఇంకా పరుగులోనే ఉన్నవాడికి బంతి రెండోవైపు వెళితే తిరిగే వీలుండదు. 2022లో పారిస్ ఫైనల్‌లో లివర్‌పూల్ మీద తిబో కోర్ట్వా తొమ్మిది షాట్లు ఆపి రియల్ మాడ్రిడ్‌కు 1-0 గెలుపు అందించాడు. అతని పొడుగు చేతులు అందరికీ కనిపించాయి. ప్రతి షాట్‌కూ ముందే సరైన చోటికి చేరి నిలదొక్కుకున్న ఆ పాదాలను గమనించినవాళ్లు తక్కువ.

ముఖాముఖి పోరులో మరో పద్ధతి ఉంది. స్ట్రైకర్ ఒంటరిగా దూసుకొస్తే కాళ్లూ చేతులూ ఒక్కసారిగా విప్పి ఒళ్లంతా గోడగా నిలబడటం. చిన్నతనంలో హ్యాండ్‌బాల్ ఆడిన డెన్మార్క్ కీపర్ పీటర్ ష్మైకేల్ మాంచెస్టర్ యునైటెడ్‌లో దీనికి పేరు తెచ్చాడు. ఇప్పుడు యూరప్ కీపర్లలో చాలామంది దీన్ని సాధన చేస్తున్నారు.

పట్టాలా, నెట్టాలా

బంతిని పట్టుకునేటప్పుడు రెండు బొటనవేళ్లూ దాని వెనక దగ్గరగా చేరాలి. ఛాతీ ఎత్తుకు వస్తే గుండెలకు హత్తుకోవాలి. వేగంగా వంకర తిరుగుతూ వస్తే పట్టే ఆశ వదిలి పక్కకు, గోల్‌కు దూరంగా నెట్టాలి. ఎదురుగా వదిలితే అక్కడ ఎవడో ఒకడు కాచుకుని ఉంటాడు. ఈ నిర్ణయానికి దొరికే సమయం రెప్పపాటు.

2024 సెమీఫైనల్‌లో మాడ్రిడ్ మైదానంలో మాన్యుయెల్ నోయర్ బయర్న్ మ్యూనిక్‌ను చాలాసేపు ఒంటిచేత్తో నిలబెట్టాడు. 88వ నిమిషంలో రియల్ మాడ్రిడ్ ఆటగాడు వినీసియస్ షాట్ అతని చేతుల్లోంచి జారింది, సహచరుడు హొసేలు దాన్ని గోల్ చేశాడు. కాసేపటికి హొసేలుదే మరో గోల్, బయర్న్ కథ ముగిసింది. మర్నాడు చర్చంతా ఆ ఒక్క జారుడు గురించే. అంతకుముందు ఆపిన షాట్లు లేకపోతే బయర్న్ ఆ నిమిషం దాకా ఆధిక్యంలో ఉండేదే కాదన్న మాట చెప్పినవాళ్లు కొద్దిమందే. స్ట్రైకర్ నాలుగు అవకాశాలు పాడుచేసి అయిదోది గోల్ చేస్తే వీరుడు. కీపర్‌కు ఆ లెక్క వర్తించదు.

కాళ్లూ నేర్చిన విద్య

1912 దాకా కీపర్ తన సగం మైదానంలో ఎక్కడైనా బంతిని చేత్తో ముట్టగలిగేవాడు. ఆ ఏడాది నుంచి పెనాల్టీ ఏరియాకే పరిమితం చేశారు. 1992లో ఇంకో పెద్ద మార్పు వచ్చింది. సొంత ఆటగాడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని చేత్తో పట్టకూడదన్నారు. దాంతో కీపర్ పాస్‌లు ఇవ్వడం నేర్చుకోక తప్పలేదు. గీత దాటి వచ్చి ఆడటం మాత్రం అంతకుముందే ఉంది. సోవియట్ కీపర్ లెవ్ యాషిన్ గోల్ వదిలి ముందుకొచ్చి దాడులను మొదట్లోనే తుంచేవాడు, డిఫెండర్లను కేకలతో నడిపించేవాడు. 1963లో ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అందుకున్న అతని తర్వాత ఆ గౌరవం ఇంకే కీపర్‌కూ దక్కలేదు.

కీపర్‌కు చేతులు ముఖ్యమా, కాళ్లు ముఖ్యమా అన్నదాని మీదే 2025లో యూరప్ అంతా వాదులాడుకుంది. లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో జరిగిన షూటౌట్‌లో రెండు పెనాల్టీలు ఆపి పారిస్ జట్టు పీఎస్‌జీని ముందుకు నడిపిన కీపర్ డోనరుమ్మా ఆ ఏడాది చాంపియన్స్ లీగ్ కప్పూ అందుకున్నాడు. కొద్ది నెలలకే కోచ్ లూయిస్ ఎన్రికే తనకు వేరే తరహా కీపర్ కావాలన్నాడు. లూకా షెవాలియే వచ్చాడు, డోనరుమ్మా మాంచెస్టర్ సిటీకి వెళ్లాడు. నా మట్టుకు గోల్ ఆపడమే మొదటి ధర్మం. కానీ ప్రత్యర్థి మీదికి ఉరుకుతున్నప్పుడు తొణకకుండా ఇచ్చిన ఒక పాస్ కూడా గోల్ ఆపినట్టే. ఒత్తిడిలో పోగొట్టుకున్న బంతే తర్వాత షాటై తిరిగొస్తుంది.

పదకొండు మీటర్ల దూరం

పెనాల్టీ బంతి గోల్ చేరడానికి పట్టేది దాదాపు అర సెకను. తన్నాక చూసి దూకితే ఆలస్యమే. 2007లో వెలువడిన ఒక ఇజ్రాయెలీ అధ్యయనం 286 పెనాల్టీలను పరిశీలించి, కీపర్లు దాదాపు ఎప్పుడూ ఏదో ఒక పక్కకు దూకుతారనీ, నడుమ నిలబడితే ఆపే అవకాశం ఎక్కువనీ తేల్చింది. నిలబడి గోల్ ఇస్తే ఏమీ చేయలేదన్న నింద వస్తుంది. ఆ భయమే కీపర్‌ను దూకిస్తుంది. 2024లో మాంచెస్టర్‌లో జరిగిన షూటౌట్‌లో సిటీ ఆటగాడు బెర్నార్డో సిల్వా తన్నిన బంతిని రియల్ మాడ్రిడ్ కీపర్ ఆండ్రీ లూనిన్ నడుమ కదలకుండా నిలబడి పట్టుకున్నాడు. అదీ ధైర్యమంటే.

ఇందులో చదువూ ఉంది. 2012 ఫైనల్‌కు ముందు చెల్సీ కీపర్ పెట్ర్ చెక్ బయర్న్ ఆటగాళ్ల పాత పెనాల్టీల వీడియోలు కూర్చుని చూశాడు. ఆ రాత్రి ఎదుర్కొన్న ఆరు పెనాల్టీలకూ సరైన వైపే దూకాడు, చెల్సీ గెలిచింది. 1986లో సెవిల్లెలో యూరోపియన్ కప్ ఫైనల్ షూటౌట్‌లో స్తెవా బుకారెస్ట్ కీపర్ హెల్ముత్ డుకాడామ్ బార్సిలోనా తన్నిన నాలుగింటినీ ఆపాడు. మన దగ్గరా ఈ విద్య ఉంది. 1962 ఆసియా క్రీడల స్వర్ణ పతక జట్టు కీపర్ పీటర్ తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టినవాడే. 2022 ఐఎస్‌ఎల్ ఫైనల్ షూటౌట్‌లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి హైదరాబాద్ ఎఫ్‌సీకి కప్పు తెచ్చాడు.

దెబ్బల ఖరీదు

దూసుకొచ్చే కాళ్ల మధ్యకు తల పెట్టి దూకడం కీపర్ ఉద్యోగంలో భాగం. 1956 ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో మాంచెస్టర్ సిటీ కీపర్ బెర్ట్ ట్రాట్‌మన్ మెడకు దెబ్బ తగిలింది. అప్పట్లో ప్రత్యామ్నాయ ఆటగాళ్లు లేరు, చివరిదాకా ఆడాడు. తర్వాత ఎక్స్‌రే తీస్తే మెడ ఎముక విరిగిందని తేలింది. 2006లో పెట్ర్ చెక్ పుర్రె చిట్లింది. మూడు నెలలకు తిరిగొచ్చి, అప్పటి నుంచి రిటైరయ్యేదాకా తలకు రక్షణ తొడుగుతోనే ఆడాడు. 2018 చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో రెండు ఘోరమైన తప్పులు చేసిన లివర్‌పూల్ కీపర్ లోరిస్ కారియస్‌కు ఆ మ్యాచ్‌లోనే తల అదిరిందని బోస్టన్ వైద్యులు తర్వాత చెప్పారు. ఆలోగా అతని మీద కురవాల్సిన తిట్లన్నీ కురిశాయి.

2023 ఆగస్టులో కోర్ట్వా మోకాలి లిగమెంట్ తెగింది. అరువు తెచ్చుకున్న కీపర్ కెపాను దాటి రెండో వరుస కీపర్ లూనిన్ నిలబడ్డాడు. సీజన్ భారం మోసి జట్టును ఫైనల్‌కు చేర్చాడు. ఈలోగా కోర్ట్వా కోలుకున్నాడు. ఫైనల్లో ఎవరిని ఆడించాలి? శ్రమపడ్డవాడినా, మేటివాడినా? అభిమానులు రెండుగా చీలారు. కోచ్ అన్చెలొట్టి కోర్ట్వాను ఎంచుకున్నాడు, మాడ్రిడ్ 2-0తో డార్ట్‌మండ్‌ను ఓడించింది. ఫలితం కోచ్ వైపు నిలిచింది. అయినా ఆ కప్పులో లూనిన్ వాటా తగ్గదు. యూరప్ పోటీలకు నమోదు చేసే జాబితాలో కనీసం ఇద్దరు కీపర్లు ఉండాలన్న నిబంధన ఊరికే పెట్టింది కాదు.

వచ్చే మ్యాచ్‌లో కెమెరా గోల్ వెనకకు వెళ్లినప్పుడల్లా కీపర్ చేతులు వదిలి పాదాలు చూడండి. షాట్‌కు ముందు ఆగాడా, ఎన్ని అడుగులు ముందుకొచ్చాడు, బంతిని ఎటు నెట్టాడు, దెబ్బ తగిలాక కదలిక మారిందా అని గమనించండి. గోల్ పడ్డా అతను చేయాల్సిందంతా చేసి ఉండవచ్చు. పడకపోయినా అదృష్టమే కాపాడి ఉండవచ్చు. ఈ తేడా తెలిసి వాదించే అభిమాని ఒక్కో కీపర్‌కు దక్కాల్సిన న్యాయం దక్కేలా చేస్తాడు.