‘సహారా’ చిత్రము: నీటి పంపకము, మాట పంపకము

యుద్ధచిత్రములలో సాధారణముగా తుపాకుల లెక్కయే ప్రధానము. 1943లో అమెరికాలోని కొలంబియా సంస్థ విడుదల చేసిన ‘సహారా’ యను నలుపు-తెలుపు చిత్రమున నీటి లెక్క ప్రధానము. దాని విశిష్టత ఇందే కలదు. దర్శకుడు హంగరీలో జన్మించిన జోల్టాన్ కోర్డా. నాయకపాత్రధారి హంఫ్రీ బోగార్ట్. మిహాయిల్ రోమ్ తీసిన ‘పదమూడుగురు’ అను సోవియట్ చిత్రము ఈ కథకు ప్రేరణ.

కథ 1942 జూన్ మాసమున టోబ్రూక్ జర్మనుల వశమైన నాటిది. సార్జంటు జో గన్ తన టాంకుతో ఎడారిలోనికి వెనుదీయుచుండును. త్రోవలో ఆంగ్లేయులు, ఒక ఫ్రెంచివాడు, టాంబుల్ అను సూడాను సైనికుడు, అతని ఖైదీయైన జుసెప్పి అను ఇటలీ సైనికుడు తారసపడుదురు. పిమ్మట ఒక జర్మను వైమానికుడును పట్టుబడును. ఉన్న నీరు కొద్ది, త్రాగు నోళ్లు పెక్కు. జుసెప్పిని ఎడారిలో విడిచిపోవుటకే గన్ మొదట నిశ్చయించును. టాంకు కదలును, ఆ దీనుడు ఇసుకలో కాళ్లీడ్చుచు వెంబడించును. కొంతదూరమేగిన పిదప గన్ మనసు మార్చుకొనును. నీటి లెక్క చూచినచో ఆతడు చేసినది తప్పు. ఆ తప్పు చేయుటచేతనే ఆతడు నాయకుడైనాడని చిత్రము చెప్పక చెప్పుచున్నది.

ఇంచుమించు ఎండిపోయిన బావిలోనికి టాంబుల్ దిగి, రాతి సందున ఊరు చుక్కలను దోసిట పట్టు ఘట్టము చిత్రమునకు ప్రాణము. రుడాల్ఫ్ మేట్ ఛాయాగ్రహణములో ఆ చేతులపై మెరయు తడి మరపురానిది. ఆ నీరు ఖైదీలకు సైతము దక్కును. దాహార్తులై వచ్చిన జర్మను పటాలమును కొలదిమంది ఎదిరించుటకు తెగించుటయు ఈ బావి చెంతనే. ఇట్లు సమముగా త్రాగినవారే ఒక కూటమియై నిలిచిరి. ఇది ఉపన్యాసము వలన గాక, పాత్ర చేతులు మారుట వలన తెలియుచున్నది.

అయితే నీటిని సమముగా పంచిన ఈ చిత్రము మాటను అట్లు పంచలేదు. ఫ్రెంచివాడు, సూడానీయుడు, ఇటాలియను, ముగ్గురును గన్ భాషలోనే మాటాడవలెను. వారి భాషలో మాటాడవలసిన అవసరము గన్‌కు కథలో కలుగదు. బావిలో టెక్సాస్ సైనికుడును టాంబులును గృహజీవితమును గూర్చి ముచ్చటించుకొను ఘట్టము మిక్కిలి హృద్యము. ఆ స్నేహపు మాటల బరువు మాత్రము టాంబుల్ ఒక్కనిదే. జుసెప్పి పాత్రను ధరించిన జె. కారల్ నైష్ న్యూయార్కులో జన్మించిన ఐరిష్ సంతతివాడు. ఆయన నటన అకాడమీ బహుమతికి ప్రతిపాదింపబడెను. ముసోలినీని జుసెప్పి తూలనాడు ఘట్టమున ఆ యోగ్యత కనిపించును. కాని ఇటలీ హృదయము కూడ యాస కలిపిన ఇంగ్లీషులోనే పలుకవలసివచ్చెను.

మరియొక వెలితి. పలుజాతుల కూటమిని చూపదలచిన ఈ చిత్రమున భారతీయ సైనికుడు లేడు. 1942 జూలై 1వ తేదీన ఎల్ అలమీన్ సమీపమున డేర్ ఎల్ షేన్ వద్ద జర్మనులను నిరోధించినది 18వ భారత బ్రిగేడు. బెంగుళూరు కేంద్రముగా గల మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ దళమున తమిళ, మలయాళ, కన్నడ సోదరులతో పాటు తెలుగువారును చేరుచుండిరి; ఆ దళపు 12వ ఫీల్డ్ కంపెనీ నాలుగవ భారత డివిజనుతో ఉత్తరాఫ్రికాలో పనిచేసెను. ఆ ఎడారి మనవారికి కేవలము తెరపై బొమ్మ కాదు.

ఇది యుద్ధకాలపు ప్రచారచిత్రము గదా, ఇంత నిశిత విచారణ ఏలయని కొందరనవచ్చును. ప్రచారచిత్రమగుటచేతనే జర్మను వైమానికుడు ఒకే రంగులో కరడుగట్టియున్నాడు. ఫిరంగిగుండు ప్రేలి బావిలో జల పొంగుటయు కథకుని సౌకర్యమే. అయినను నల్లజాతి నటుడైన రెక్స్ ఇంగ్రాం ధరించిన టాంబుల్ సేవకుడు గాడు, విదూషకుడును గాడు. తోడివారిని కాపాడుటకై ప్రాణమర్పించిన వీరుడు. 1943 నాటి హాలీవుడ్‌లో ఇది అల్పవిషయము కాదు.

పరభాషాప్రాంతములలో తరతరములుగా నివసించు తెలుగువారికి ఈ చిత్రము రెండు విధముల ఆలోచనీయము. ఒకే బావినీరు త్రాగువారు భాషాభేదముచే వేరుపడనక్కరలేదని ఇది నిరూపించును. ఇరుగుపొరుగు భాషను నేర్చుట మనకు భారము కాదు, గౌరవము. కాని కలిసి త్రాగినవాని మాట ఏదియని ఒక్కసారియైన అడుగనిచో ఆ స్నేహము సగమే. ‘సహారా’ ఆ మొదటి సగమును ఉత్తమముగా చిత్రించినది. రెండవ సగమును తలపనైన తలపలేదు.