రాగి చేరిన చోటు
(ముందుమాట)

అయస్కాంతాల గురించి తెలుగులో ఇంత లోతైన పుస్తకం నా కళ్లతో చూస్తానని అనుకోలేదు. గుడివాడలో ఏళ్ల తరబడి భౌతికశాస్త్రం చెప్పాను. అయస్కాంతత్వం పాఠం దండాయస్కాంతంతో, ఇనుప రజనుతో మొదలై దాదాపు అక్కడే ఆగిపోయేది. దివిసీమలో పుట్టి, హైదరాబాదులో లోహశాస్త్రంలో పరిశోధన చేసిన మా అమ్మాయి, నా శిష్యురాలు, ఆ పాఠాన్ని ఆగినచోటు నుంచి అందుకుంది. రాతప్రతి ఆసాంతం చదివి, సంతోషంగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మిశ్రలోహంలో ఇంకో మూలకం కలిపితే బలం పెరుగుతుందని తేలిగ్గా అనేస్తాం. ఈమె అక్కడితో సరిపెట్టుకోదు. కలిపిన మూలకం ఏ ప్రావస్థను (ఫేజ్‌ను) నిలబెట్టింది, అందుకు బదులుగా ఏం పుచ్చుకుంది అని ప్రతి పేజీలోనూ నిలదీస్తుంది. నియోడిమియం, ఇనుము రెండే కలిసిన 2:17 సమ్మేళనం 60 డిగ్రీలకు చేరకముందే అయస్కాంతత్వం పోగొట్టుకుంటుంది. బరువులో ఒక శాతం బోరాన్ చేరితే పూర్తిగా వేరే స్ఫటికం పుడుతుంది, ఆ హద్దు 310 డిగ్రీలకు పోతుంది. 1980ల తొలి ఏళ్లలో జపాన్‌లో మసాతో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ విడివిడిగా సాధించింది దీన్నే. ఇవాళ బందరు వీధుల్లో తిరిగే ఎలక్ట్రిక్ స్కూటర్ల చక్రాల్లో ఉండేదీ ఈ జాతి అయస్కాంతమే. దీనికి డిస్ప్రోసియం కలిపితే వేడికి తట్టుకుంటుంది. కానీ డిస్ప్రోసియం పరమాణువుల అయస్కాంతత్వం ఇనుముకు ఎదురుతిరిగి ఉంటుంది కాబట్టి మొత్తం బలం తగ్గుతుంది.

1:12 జాతి కథ ఇంకా పట్టుగా నడిచింది. నియోడిమియం వంటి ఖరీదైన విరళ మృత్తిక (రేర్ ఎర్త్) పరమాణువు ఒక్కటికి ఇనుము పన్నెండు. ఎంత పొదుపో చూడండి. తీరా ఇనుము ఒక్కటే అయితే ఆ స్ఫటికం ముద్దలో నిలవదు, వేరే ప్రావస్థలుగా విడిపోతుంది. టైటానియమో వనేడియమో ఒకటి రెండు స్థానాల్లో కూర్చుంటే నిలుస్తుంది, బలం మాత్రం తగ్గుతుంది. విరళ మృత్తిక స్థానంలో కొంత జిర్కోనియం పెడితే టైటానియం అవసరం తగ్గుతుందన్న సంగతిని ఆమె వివరించిన తీరు నాకెంతో నచ్చింది.

పుస్తకానికి ప్రాణం మాత్రం సమేరియం-కోబాల్ట్ అధ్యాయం. ఇనుము, రాగి, జిర్కోనియం కలిపిన ఆ ముద్దను 1,200 డిగ్రీల దరిదాపుల్లో ఉంచి, గబుక్కున చల్లార్చి, మళ్లీ 800 డిగ్రీల పైన గంటల కొద్దీ కాచినా దాని నిగ్రహ బలం, అంటే ఎదురు క్షేత్రాన్ని తట్టుకునే శక్తి, అంతంతమాత్రమే. అక్కడి నుంచి 400 డిగ్రీల దాకా, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున నిదానంగా దింపుతున్నప్పుడు అసలు పని జరుగుతుంది. అప్పటికే 2:17 ప్రావస్థ చిన్న చిన్న గదులుగా, 1:5 ప్రావస్థ వాటి చుట్టూ పలుచని గోడలుగా ఏర్పడి ఉంటాయి. చిలకలపూడి నగలో బంగారమంతా పైపొరలోనే ఉన్నట్టు, రాగి ఆ గోడల్లోకే చేరుతుంది. బరువులో రెండు మూడు శాతమే ఉన్న జిర్కోనియం, అడ్డంగా పలుచని పలకలుగా పరుచుకుని రాగి కదలడానికి దారి ఇస్తుంది. అయస్కాంతత్వాన్ని తలకిందులు చేయబోయే అయస్కాంత మండలాల (డొమైన్ల) సరిహద్దులు ఆ గోడల దగ్గర చిక్కుకుపోతాయి. అందుకే అది 300 డిగ్రీల వేడిలోనూ చెక్కుచెదరదు. కొలిమి త్వరగా చల్లారితే అవే మూలకాలు, అవే పాళ్లు ఉన్నా చేతికొచ్చేది పనికిరాని ముద్ద.

ఈ విద్య మనకు దూరంగా ఏమీ లేదు. హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల, భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) అభివృద్ధి చేసిన పరిజ్ఞానంతో ఐఆర్ఈఎల్ సంస్థ విశాఖలో నెలకొల్పిన సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారం 2023 మే 11న జాతికి అంకితమైంది. ఏడాదికి 3,000 కిలోలు దాని సామర్థ్యం. 2025 ఏప్రిల్‌లో చైనా సమేరియం, డిస్ప్రోసియం ఎగుమతులకు అనుమతులు తప్పనిసరి చేశాక, ఆ కిలోల విలువ వేరే చెప్పనక్కర్లేదు.

నత్రజని చొప్పించిన అయస్కాంతాల భాగం మరీ క్లుప్తంగా ముగిసింది. మలి ముద్రణలో దాన్ని పెంచమని ఆమెను కోరుతున్నాను. ప్రావస్థా పటాలు చూసి బెదిరే ఇంటర్ పిల్లలు ముందు సమేరియం అధ్యాయం చదవండి. ఆ తర్వాత మొదటికి వస్తే పటాల్లోని గీతలు వాటంతటవే అర్థమవుతాయి.

గుడివాడ