పరుషములు ముందు పోవును

ముప్పది యేండ్లు బడిలో తెలుగు చెప్పి, సెలవు రాత్రులందు ముఖమునకు రంగు పూసికొని కృష్ణవేషమున పద్యములు పాడిన నాబోటివానికి గొంతు జీవనాధారమూ, అభిమానధనమూను. అయినను దానికి కావలి కాయునది చెవియేయని తెలిసికొనుటకు, మైపాడు చేరువనున్న యొక పట్టపుపాళెములో గంగమ్మ తిరునాళ్ల రాత్రి యొకటి నాకు వలసివచ్చినది.

ఇసుకలో గుంజలు పాతి వేసిన పందిరి. ఎదుట జనము, జనము వెనుక సముద్రము, పందిరి ప్రక్కనే జనరేటరు. హార్మోనియము పట్టినవాడు ఐదు శ్రుతి పెట్టినాడు. నా గొంతు నాలుగు దాటదని నేనెరుగుదును. కాని కెరటముల హోరులో నా పాట నాకే వినబడకపోవుటచేత, వినబడని కొలది హెచ్చించుచు, హెచ్చించిన కొలది ఆయాసపడుచు, రాయబారమంతయు లాగితిని. చెవిలో రొద నింపినచో మనుష్యుడు తనకు తెలియకయే గొంతు పెంచునని పరాసుదేశపు వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లోనే ప్రకటించెను. ఆ సంగతి నాకప్పుడు తెలియదు. తెలిసినను, 'ఒన్స్ మోర్' అను కేక చెవిని బడిన పద్యనటుని ఏ శాస్త్రము ఆపగలదు? ఒకే పద్యము నాలుగు మారులు పాడితిని. తెల్లవారుసరికి గొంతు బొంగురుపోయినది.

పిమ్మట మన యిండ్లలో జరుగు వైద్యమంతయు జరిగినది. బుగ్గన కరక్కాయ, నాలుక క్రింద అతిమధురము, రాత్రికి మిరియాల పాలు. ఇవి గొంతుకు హాయి నిచ్చు మాట నిజమే కాని, మ్రింగునపుడు శ్వాసద్వారము మూసికొనును గనుక మనము మ్రింగిన దేదియు స్వరతంత్రులను తాకనే తాకదు. వాని దాక పోగలిగినది పీల్చిన ఆవిరి మాత్రమే. గొంతుకు విశ్రాంతి యని నేను చేసిన మరియొక ఘనకార్యము, నెలదినములు గుసగుసలతో కాలక్షేపము చేయుట. గట్టిగా గుసగుసలాడుటయు గొంతును బిగించుటయే.

తుదకు నెల్లూరులో ఒక చెవి ముక్కు గొంతు వైద్యుని యొద్దకు పోయితిని. ఆయన నుదుట గుండ్రని అద్దము కట్టుకొని, గాజ్ గుడ్డతో నా నాలుక కొనను పట్టి వెలికి లాగి, పొడుగు కాడకు బిగించిన రూపాయి బిళ్లంత అద్దమును స్పిరిటు దీపముపై వెచ్చచేసి – చల్లని అద్దమునకు ఊపిరి తగిలిన మసక పట్టును గదా – ఆ వేడిని తన ముంజేతి వెనుక ఆనించి చూచుకొని, లోనికి పోనిచ్చి, “ఈ అనండి పంతులుగారూ” అన్నాడు. కృష్ణుని నోట మేకకూత వచ్చినది.

“తెడ్డేసేవాడి చేతికి కాయలు కాచినట్టు మీ గొంతుకు కాచాయండీ. కత్తి అక్కర్లేదు. కొన్నాళ్లు మౌనం పట్టండి, ఆ తర్వాత శ్రుతి దించుకోండి.”

మాటాడునపుడే పురుషుని స్వరతంత్రులు సెకనుకు 100కు పైగా ఒండొంటిని తాకును. ఐదు శ్రుతిలో పైషడ్జమమున నిలిచినచో సుమారు 390 మారులు. అవి కాయలు కాయక చిగురు వేయునా? ఇంతకును, సజీవమైన గొంతు లోపల అద్దము పెట్టి 1854లో ఆ తంత్రుల యాటను చూచిన మాన్యుయెల్ గార్సియా వైద్యుడు కాడు, సంగీతము చెప్పుకొను గురువు. దంతవైద్యుల అద్దమును, సూర్యరశ్మిని సాయము చేసికొని చూచినది తన గొంతునే.

గొంతును దూరమునకు విసరుటయే గొప్పయని నమ్మిన కాలము మాది. మైకు వచ్చిన పిమ్మటను, అది లేనట్లే అరచితిమి. నెల్లూరు సాంబమూర్తిగారు హరికథకులు. జనసమూహము నెదుట నిలిచి కథ చెప్పిన గొంతు వారిది. వారి కుమారుడు బాలసుబ్రహ్మణ్యము 1966 మొదలు మైకు ముందట మెల్లగా పలుకుటలోని మహిమను లోకమునకు చూపెను. తిప్పరాజువారి వీథిలోని తమ యింటిని ఆయన 2020లో వేదపాఠశాలకై కంచి పీఠమునకు సమర్పించినప్పుడు నాకొక సంగతి తోచినది. వేదమునకు శ్రుతి యని పేరు. పాటకు ఆధారమైనది శ్రుతి. సంస్కృతమున చెవియు శ్రుతియే. గురువు నోట విని నేర్చు చదువునకు పుస్తకము కంటె చెవి ముఖ్యము.

ఆ చెవి ఎట్లు పోవునో నాకు చూపినవాడు పాళెములోని నా పాత శిష్యుని తండ్రి. ఇంజను పడవమీద ఏండ్ల తరబడి వేటకు పోయినవాడు. ఒకనాడు నేను చెప్పుచున్నదానిని చాల సేపు విని, “అయ్యోరా, మీ మాట ఇనపడతా ఉండాది, యేమంటా ఉండారో తెలీటంలా” అన్నాడు. వ్యాకరణము చెప్పుకొన్నవానికి ఇంతకంటె విశదముగా ఎవరు చెప్పగలరు? రొద చేత దెబ్బతిన్న చెవిలో అచ్చులు నిలుచును; క చ ట త ప లను పరుషములును, శ ష స లును ముందు జారిపోవును. లోచెవిలోని సన్నని రోమకణములు చెవికి 15,000 పైచిలుకు. చచ్చినవి మరల మొలవవు. 85 డెసిబెళ్ల రొదలో ఎనిమిది గంటలకు మించి యుండరాదనియు, ఆపైన ప్రతి మూడు డెసిబెళ్లకు ఆ గడువు సగమగుననియు లెక్క. చేయి చాచినంత దూరమున నున్నవానితో అరచిన గాని మాట తెలియనిచో, ఆ హద్దు దాటినట్లే.

గుబిలి తీయుటకని పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టుట, చీము కారు చెవిలో కాచిన నూనె పోయుట మన యిండ్లలో నేటికిని మానలేదు. గుబిలి చెవికి కాపుదల; తనంతట తానే వెలికి వచ్చును. పడిశము పది రోగముల పెట్టు అన్న సామెత చెవిపోటు విషయమున అక్షరసత్యము. ముక్కును చెవిని కలుపు సన్నని గొట్టమొకటి యున్నది గనుక, బలముగా చీదరాదు.

నేనిప్పుడు మూడు శ్రుతిలో పాడుకొందును, వినువారు తక్కువ. బొంగురు మూడు వారములు దాటినచో కరక్కాయను నమ్మక వైద్యునికి చూపుకొనుడు. పడవల యజమానులారా, వలలకు వేలు పోయుచున్నారు. ఇంజను ప్రక్కన కూర్చుండు కుర్రవానికి చెవిమూతలు కొనిపెట్టుడు. దూది చాలదు.